నీటిపక్షుల వేటకు లైసెన్సు లేదు: ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏది నేరం, దేనికి అనుమతి ఉంది, ఎలా తీసుకోవాలి

అక్టోబరు వచ్చి వలస బాతులు చెరువుల్లో దిగగానే ఈ ప్రశ్న మొదలవుతుంది. వేట లైసెన్సు ఎక్కడ ఇస్తారు, ఎంత కట్టాలి, ఏ నెలల్లో కొట్టుకోవచ్చు అని. ఎక్కడా ఇవ్వరు, ఎంత కట్టినా ఇవ్వరు, ఏ నెలలోనూ కొట్టకూడదు. సరదాకో కూరకో పిట్టను కొట్టుకోమని రాసిచ్చే అధికారం అటవీ శాఖకు లేదు, కలెక్టరుకు లేదు, పంచాయతీకి అసలే లేదు. మధ్యలో ఎవరైనా పర్మిషన్ ఇప్పిస్తానని డబ్బడిగితే అది మోసం. ఆ కాగితాన్ని నమ్ముకుని చెరువులో దిగితే కేసు మీ మీదే పడుతుంది.

పాత లైసెన్సుల మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఒకప్పుడు నిజంగానే ఉండేవి. బ్రిటిష్ వాళ్ల 1912 చట్టం కొన్ని నెలల్లో మాత్రమే వేటను ఆపేది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినప్పుడు కూడా చిన్న జంతువులకు, పెద్ద జంతువులకు వేరువేరు వేట లైసెన్సులు ఉండేవి. 1991 సవరణతో అవన్నీ రద్దయ్యాయి. ఇంట్లో తాతగారి పేరు మీద అలాంటి కాగితం ఉంటే జ్ఞాపకంగా దాచుకోండి, దానికి ఇప్పుడు చెల్లుబాటు లేదు. ఆ తర్వాత 2022లో మరో సవరణ జరిగి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. చట్టంలోని జాబితాలు, అంటే షెడ్యూళ్లు, ఆరు నుంచి నాలుగయ్యాయి, పంటలకు హాని చేసే జీవుల పాత జాబితా పోయింది. బాతులు, కొంగలు, బొల్లికోళ్లు, గూడబాతులు (పెలికాన్లు) ఒకటో షెడ్యూలులోనో రెండో షెడ్యూలులోనో ఉన్నాయి. ఎందులో ఉన్నా సెక్షన్ 9 కింద వేట నిషేధమే.

మొదట వేట అంటే ఏమిటో తెలుసుకోండి

చాలామంది కేసుల్లో ఇరుక్కునేది ఇక్కడే. తుపాకి పేలిస్తేనే వేట అనుకుంటారు. చట్టంలోని నిర్వచనం అంతకంటే చాలా పెద్దది. చంపడం, గాయపరచడం, విషం పెట్టడం, వలలో ఉచ్చులో పట్టడం, ఎర వేయడం, తరమడం, ఇవన్నీ వేటే. ప్రయత్నం చేసి పట్టలేకపోయినా వేటే. అడవి పక్షుల విషయంలో గుడ్లను పాడుచేయడం, గుడ్లనో గూడునో కదిలించడం కూడా ఇందులోకే వస్తుంది.

మన పల్లెల్లో జరిగే పనులకు దీన్ని వర్తింపజేసి చూడండి. పొలం గట్టు మీద సన్నటి వల నిలబెట్టి కొంగలను పట్టడం నేరం. దీపకపు పిట్టను కట్టేసి మిగతావాటిని రప్పించడం నేరం. పురుగుమందు గుళికలు కలిపిన వడ్లు మడిలో చల్లడం నేరం. చెరువులోని జమ్ములో దిగి బొల్లికోడి గుడ్లు ఏరుకురావడం నేరం. పిల్లలు వడిసెలతోనో క్యాటర్‌బెల్టుతోనో నీటికాకిని కొట్టినా అదే సెక్షన్ కిందికి వస్తుంది.

చెట్ల విషయం కూడా ఇందులోదే. కొంగలు, నీటికాకులు ఊరి నడుమ చింతచెట్ల మీద, చెరువు లోపలి తుమ్మచెట్ల మీద గుంపుగా గూళ్లు కడతాయి. కింద రెట్ట పడుతోందని, వాసనొస్తోందని కొమ్మలు కొట్టించేవాళ్లున్నారు. గూళ్లలో గుడ్లో పిల్లలో ఉండగా కొమ్మ నరికితే, చెట్టు మీ పట్టాలోనే ఉన్నా, అది నేరమే. చెట్టు తీయక తప్పని పరిస్థితి ఉంటే పిల్లలన్నీ ఎగిరిపోయేదాకా ఆగండి. మన వైపు గూళ్ల కాలం అక్టోబరు, నవంబరుల్లో మొదలై మార్చి, ఏప్రిల్ దాకా సాగుతుంది. మే నెలలో కొట్టించుకోవడం మేలు, అదీ గూళ్లు ఖాళీ అయ్యాయని కింద నిలబడి కళ్లారా చూసుకున్నాకే. కరెంటు తీగలకు తగులుతున్న కొమ్మలైతే లైన్‌మన్‌కు చెప్పేముందు అటవీ శాఖ బీట్ ఆఫీసరుకు ఒక మాట చెప్పండి.

చేపల చెరువు వేలం పాడుకున్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఆ పాటతో మీకు వచ్చింది చేపల మీద హక్కు. చెరువులో వాలే పక్షుల మీద ఏ హక్కూ రాలేదు.

శిక్ష ఎంత ఉంటుంది

అభయారణ్యం బయట, రెండో షెడ్యూలు పక్షి అయితే 3 ఏళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పక్షి ఒకటో షెడ్యూలుదైతే, లేదా వేట అభయారణ్యం లోపల జరిగితే, 3 ఏళ్లకు తగ్గకుండా 7 ఏళ్ల వరకు జైలు, దాంతోపాటు 25 వేలకు తగ్గని జరిమానా. పులికాట్, నేలపట్టు అభయారణ్యాల లోపల కొట్టింది మామూలు ఈలబాతే అయినా ఈ రెండో లెక్కే పడుతుంది, అక్కడ షెడ్యూలుతో పనిలేదు. నేరానికి వాడిన బండి, పడవ, తుపాకి, వల పట్టుబడితే అవీ ప్రభుత్వానికి పోతాయి. పాతిక కేజీల మాంసం కోసం ట్రాక్టరు పోగొట్టుకునే పరిస్థితి అది.

బాతు మాంసం కావాలంటే: కొనేముందు కాళ్లు చూడండి

పెంపుడు బాతుకు ఈ చట్టంతో సంబంధం లేదు. వరి కోతలయ్యాక మళ్లలో రాలిన గింజల కోసం ఊరూరా తిప్పే బాతుల మందలు నెల్లూరు వైపు కొత్త కాదు. మంద కాపరి దగ్గర నేరుగా కొనుక్కోండి, గుడ్లయినా మాంసమైనా. రోడ్డు పక్కన గంపలోనో సంచిలోనో తెచ్చి అమ్మేదాన్ని మాత్రం కొనకండి. అడవి పక్షి మాంసం మీ దగ్గర దొరికితే అది అక్రమం కాదని నిరూపించుకోవాల్సిన భారం సెక్షన్ 57 ప్రకారం మీ మీదే పడుతుంది. తెలియక కొన్నానంటే సరిపోదు.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. బరువు చూడండి: పెంపుడు బాతు కేజీన్నర, రెండు కేజీలు తూగుతుంది. చిలువ, అంటే ఈలబాతు, అర కేజీకి అటూ ఇటూ ఉంటుంది. ఈకలు పీకేసి ఉంటే కాళ్లు చూడండి. బాతుకు ముందరి మూడు వేళ్లనూ కలుపుతూ ఒకే పొర ఉంటుంది. నల్ల బొల్లికోడి వేళ్లకు ఒక్కోదానికి విడివిడిగా, ఆకు ముక్కలు అతికించినట్టు రేకులుంటాయి. నీలి బొల్లికోడి కాళ్లు ఎర్రగా, వేళ్లు పొడుగ్గా, మధ్యలో పొర లేకుండా ఉంటాయి. కొంగ కాలు సన్నగా పుల్లలా ఉంటుంది. తలా కాళ్లూ రెండూ తీసేసి అమ్ముతున్నాడంటే కారణం అదే, అక్కడి నుంచి కదిలిపోండి.

ఆరోగ్యం మాట కూడా చెప్పాలి. మందు పెట్టి పట్టిన పక్షి ఒంట్లో ఆ మందు ఉంటుంది. తుపాకితో కొట్టినదాని మాంసంలో సీసం గుళ్లుంటాయి. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగుట్ల, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బ ఊళ్లలో కోళ్లకు బర్డ్ ఫ్లూ తేలింది. నీటిపక్షులు ఆ వైరస్‌ను జబ్బు పడకుండానే మోయగలవు. ఎలా చచ్చిందో తెలియని పక్షిని ఇంట్లో కోయడమంటే ఊరి కోళ్లన్నిటినీ ప్రమాదంలో పెట్టడమే.

తుపాకి ఉన్నవాళ్లు చేయాల్సింది

ఆయుధ లైసెన్సు అంటే తుపాకి ఉంచుకునే అనుమతి, అంతే. పంట కాపలాకని ఇచ్చే నాటు తుపాకి లైసెన్సుతో కూడా పిట్టను కొట్టకూడదు. ఎయిర్‌గన్ 4.5 మిల్లీమీటర్ల గొట్టంతో, 20 జౌళ్ల లోపు శక్తితో ఉంటే దాన్ని ఉంచుకోవడానికి ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. దాంతో కొంగను కొడితే మాత్రం సెక్షన్ 9 అలాగే వర్తిస్తుంది. కుర్రాళ్లకు ఎయిర్‌గన్ కొనిచ్చే తల్లిదండ్రులు ఈ తేడా వాళ్లకు ముందే చెప్పాలి.

అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లకు ఇంకో బాధ్యత ఉంది, చాలామందికి తెలియదు. వన్యప్రాణి చట్టం సెక్షన్ 34 ప్రకారం లైసెన్సు ఆయుధం ఉన్న ప్రతివాళ్లూ ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి (చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్) దగ్గర గానీ, ఆయన అధికారం ఇచ్చిన అటవీ అధికారి దగ్గర గానీ పేరు నమోదు చేయించుకోవాలి. తడ, సూళ్లూరుపేట, దొరవారిసత్రం, చిట్టమూరు, వాకాడు మండలాల వాళ్లు పులికాట్, నేలపట్టు లెక్కలో చూసుకోవాలి. రాపూరు, పెంచలకోన వైపు వాళ్లకు పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. దూరం అభయారణ్యం హద్దు నుంచి కొలుస్తారు, గేటు నుంచో ఆఫీసు నుంచో కాదు.

1. మీ ఊరు 10 కిలోమీటర్ల లోపు వస్తుందో లేదో అటవీ రేంజ్ ఆఫీసులో మ్యాపు మీద చూపించమని అడగండి.
2. నమోదు ఫారం తీసుకుని నింపండి. ఆయుధ లైసెన్సు నకలు, తుపాకి రకం, దాని నంబరు, చిరునామా రుజువు జతచేయండి.
3. ఇచ్చిన రోజే తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకుని లైసెన్సు పుస్తకంతోపాటు ఉంచుకోండి.
4. ఇల్లు మారినా, తుపాకి వారసులకు బదిలీ అయినా కలెక్టరేటుతోపాటు అటవీ ఆఫీసుకు కూడా రాతపూర్వకంగా తెలపండి.

ఈ 10 కిలోమీటర్ల లోపు కొత్తగా ఆయుధ లైసెన్సు కోరితే, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ముందస్తు సమ్మతి లేకుండా ఇవ్వరు. దరఖాస్తు నెలల తరబడి కదలకపోవడానికి తరచూ ఇదే కారణం, ఆ సమ్మతి ఎంతవరకు వచ్చిందో అడిగి తెలుసుకోండి. 2022లో జిల్లాలు విడిపోయాక దరఖాస్తు వేరే జిల్లాకు వేసి తిరగ్గొట్టించుకున్నవాళ్లు కూడా ఉన్నారు. మీ మండలం ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసుకుని ఆ కలెక్టరుకే వేయండి. లైసెన్సు ఉన్నా సరే, అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యం లోపలికి పోవడం సెక్షన్ 31 కింద విడిగా ఇంకో నేరం.

పక్షులను చూడటానికి, ఫొటో తీయడానికి, పరిశోధనకు

నీటిపక్షుల కోసం నిజంగా దొరికే అనుమతులు ఇవి. నేలపట్టులో గేటు దగ్గర టికెట్టు తీసుకుని వెళ్లొచ్చు. నీటిలో పెరిగే కడప చెట్ల మీద గూడబాతుల గూళ్లు బాట మీది నుంచే కనిపిస్తాయి, గట్టు దిగాల్సిన పని లేదు. పులికాట్‌లో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ వెళ్తుంది. పబ్లిక్ రోడ్డు మీద ప్రయాణానికి అనుమతి అక్కర్లేదు కాబట్టి అటకానితిప్ప దగ్గర బండి పక్కకు ఆపి బైనాక్యులరుతో ఫ్లెమింగోలను చూడొచ్చు. రోడ్డు దిగి బురదలో నడిచారంటే అభయారణ్యంలో ప్రవేశించినట్టే, దానికి సెక్షన్ 28 అనుమతి ఉండాలి.

ఫ్లెమింగోలు ఎగిరితే రెక్కల గులాబీ రంగు కనిపిస్తుందని మందను లేపే ఫొటోగ్రాఫర్లున్నారు. పడవ వాటి మీదికి తోలించడం, చప్పట్లు కొట్టడం, డ్రోన్ ఎగరేయడం, ఇవన్నీ తరమడం కిందికే వస్తాయి. అలా మాటిమాటికీ లేచిన పక్షి మేతకు తీసుకోవాల్సిన సమయాన్ని రెక్కల మీదే ఖర్చు పెడుతుంది. గూళ్ల దగ్గర అయితే నష్టం ఇంకా ఎక్కువ: తల్లి లేచిన కాసేపట్లోనే కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి, ఎండ పిల్లల మీద పడుతుంది.

ఫిల్మ్ తీయాలన్నా, కాళ్లకు రింగులు వేయాలన్నా, రక్తం, ఈకలు, గుడ్ల పెంకులు నమూనాలు తీయాలన్నా దారి వేరు. పక్షిని ముట్టుకునే ఏ పనికైనా సెక్షన్ 12 కింద అనుమతి కావాలి. ఒకటో షెడ్యూలు పక్షి ఉంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కూడా తప్పదు.

1. దరఖాస్తు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి పేరున రాయండి. నకలు సూళ్లూరుపేటలోని వన్యప్రాణి విభాగం డీఎఫ్ఓకు (డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసరుకు) ఇవ్వండి, ఎందుకంటే అభిప్రాయం అడిగేది ఆయన్నే.
2. పక్షుల పేర్లు తెలుగులో, శాస్త్రీయ నామంతో, షెడ్యూలుతో సహా పట్టికగా రాయండి. "నీటిపక్షులు" అని ఒక్క మాట రాస్తే దరఖాస్తు వెనక్కి వస్తుంది.
3. చోటు స్పష్టంగా చెప్పండి. పులికాట్ అని వదిలేయకుండా ఏ ఊరి వైపు, ఏ దీవి దగ్గర, రోజులో ఏ వేళల్లో అన్నది రాయండి.
4. మొదలు, ముగింపు తేదీలు, మనుషుల పేర్లు, గుర్తింపు కార్డులు, పరికరాల జాబితా, వాడే వల రకం, సంస్థ నుంచి సంతకంతో లేఖ జతచేయండి.
5. పని మొదలుపెట్టే తేదీకి కనీసం రెండు నెలల ముందు వేయండి. అక్టోబరులో పని ఉంటే జూలైలోనే కదలాలి.
6. అనుమతి పత్రం అందాక రేంజ్ ఆఫీసరుకు చూపించి, ఏ రోజు వెళ్తున్నారో ముందురోజే చెప్పండి. పత్రం అసలు కాపీ మీ వెంట ఉండాలి.

డ్రోనుకు విమానయాన నియమాల అనుమతి విడిగా ఉంటుంది, అది ఉన్నంతమాత్రాన అభయారణ్యంలో ఎగరేయడానికి కుదరదు. పక్కనే శ్రీహరికోట ఉంది కాబట్టి అక్కడ ఆ ఆలోచనే పెట్టుకోకండి.

పంటకు, రొయ్యలకు పక్షుల బాధ ఉంటే

ఇక్కడ రైతు కష్టం నిజమైనది. వెదజల్లిన మడిలో చిలువలు రాత్రికి రాత్రి దిగి మొలక విత్తనం ఏరేస్తాయి. నీలి బొల్లికోళ్లు పిలకల మొదళ్లు కొరికి పారేస్తాయి. రొయ్యల గుంటల మీద నీటికాకులు, కొంగలు వాలితే నష్టం తిన్న రొయ్యలతో ఆగదు. రోగమున్న రొయ్యను ఒక గుంటలో పట్టి ఎగురుతూ ఇంకో గుంటలో జారవిడిస్తే పంట మొత్తం పోవచ్చు.

చట్టంలో ఒక దారి ఉంది: సెక్షన్ 11 కింద రెండో షెడ్యూలు జీవి ఆస్తికి, నిలబడి ఉన్న పంటకు ప్రమాదమైతే ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఆ ఉత్తర్వు చేతికి రాకముందు రైతు తనంతట తానుగా చంపకూడదు. ప్రాణ రక్షణ కోసం చంపితే తప్పు కాదన్న మినహాయింపు మనిషి ప్రాణానికే, పంటకు కాదు. పిట్టల విషయంలో ఆ ఉత్తర్వు కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం కంటే రానివ్వకుండా చేసుకోవడమే మేలు.

వెద మడిలో మొదటి పది రోజులు కాపాడుకుంటే చాలావరకు గట్టెక్కినట్టే. చిలువలకు నిలిచిన నీళ్లు కావాలి. మొలక విత్తనం చల్లేముందు మడిని సమంగా చదును చేసి, చల్లాక నీళ్లు తీసేసి బురద పదునులో ఉంచండి. చదును సరిగా లేక మధ్యలో గుంటలు మిగిలితే పక్షులు మొదట దిగేది ఆ గుంటల్లోనే. మెరుపు రిబ్బన్లు గట్టు నుంచి గట్టుకు మోకాలెత్తున కట్టండి, వదులుగా కాదు, గాలికి పురి తిరిగి చప్పుడు చేసేంత బిగువుగా. రిబ్బన్లు, దిష్టిబొమ్మ నాలుగైదు రోజులకోసారి చోటు మార్చాలి, లేకపోతే అలవాటు పడి వాటి మీదే వాలతాయి. రాత్రి కాపలాకు తప్పెట, డబ్బా చప్పుడు, టార్చి సరిపోతాయి. తోలడం నేరమా అని అడుగుతారు. అభయారణ్యం బయట మీ పంట మీది నుంచి చప్పుడుతో లేపడం ఎవరూ తప్పుపట్టరు. చెరువులో గూళ్ల దాకా వెంటపడి తరిమితే అది వేరే మాట.

రొయ్యల గుంటకు పక్షులు రాకుండా ఏర్పాటు ఉండాలని వనామి సాగుకు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నియమమే ఉంది. చాలామంది చేసే పొరపాటు దారం ఎంపికలో. చవకని సన్నటి, కంటికి ఆనని నైలాన్ పోగు కడతారు. పక్షికి అది కనపడదు, వచ్చి తగులుకుంటుంది, రెక్క తిప్పేకొద్దీ పోగు చర్మంలోకి దిగి రెక్క మొదట్లో ఎముక దాకా కోస్తుంది. గుంట మీద కొంగలు వేలాడుతూ చచ్చి ఉంటే అటవీ సిబ్బంది దాన్ని రక్షణ ఏర్పాటుగా చూడరు, ఉచ్చుగా చూస్తారు. 2 మిల్లీమీటర్ల మందం, తెలుపో నీలమో పైనుంచి కనిపించే రంగు తాడు వాడండి. అడుగు నుంచి అడుగున్నర ఎడంతో, మనిషి తలకు పైన ఉండేలా, బిగువుగా లాగండి. ఎకరం గుంటకు గట్ల మీది గుంజలే చాలవు, మధ్యలో కూడా నిలబెట్టకపోతే తాడు జారి ఏరేటరు రెక్కల్లో పడుతుంది. మధ్యమధ్యలో మెరుపు రిబ్బన్ ముక్కలు కడితే దూరం నుంచే తెలుస్తుంది. నీటి అంచున నడిచి వచ్చే తెల్లకొంగలకు గట్టు పొడవునా అడుగున్నర ఎత్తు వల చాలు, అది పీతలనూ ఆపుతుంది. తెగిన తాళ్లు, పాత వలలు గట్టు మీద వదిలేయకండి, పక్షుల కాళ్లకు చుట్టుకునేవి ఎక్కువగా అవే.

నేలపట్టు చుట్టుపక్కల రైతులకు మాత్రం ఈ పక్షులతో లాభమే ఎక్కువ. గూళ్ల కింద రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకు ఎరువులా పనిచేస్తాయి. ఆ ఊళ్లవాళ్లు తరతరాలుగా పక్షుల జోలికి ఎవరినీ రానివ్వకుండా కాపాడుకుంటూ వచ్చారు.

గాయపడిన పక్షి దొరికితే

అడవి పక్షి, బతికున్నా చచ్చినా, మీ చేతికి వచ్చిందంటే 48 గంటల లోపు దగ్గరి పోలీస్ స్టేషనుకో అటవీ అధికారికో తెలపాలి. ఆలస్యం చేసి ఇంట్లో పెంచుకుంటే సాయం చేసినవాళ్లే నిందితులవుతారు.

ముందుగా తల మీద తువ్వాలు కప్పండి, చీకటి పడితే సగం భయం తగ్గుతుంది. కొంగ జాతి పక్షులు సూటిగా కంటికి పొడుస్తాయి. కాబట్టి ముక్కును ఒక చేత్తో పట్టి, ముఖం దూరంగా పెట్టుకోండి. గూడబాతును పట్టినప్పుడు మాత్రం ముక్కు పూర్తిగా మూసి కట్టకండి. దాని ముక్కు రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి, అది నోటితోనే ఊపిరి తీసుకుంటుంది. రెండు దవడల మధ్య వేలు పట్టేంత సందు ఉండాలి. దారం చుట్టుకుని ఉంటే లాగకండి, కత్తెరతో రెండు మూడు చోట్ల కత్తిరించి వదులు చేయండి. నాలుక కింద, రెక్క మొదట్లో కూడా వెతకండి.

గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, కింద గోనె వేసి, నీడలో ఉంచండి. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే చచ్చిపోతుంది. అన్నం, బిస్కెట్టు పెట్టకండి. బీట్ ఆఫీసరుకు ఫోను చేసి, వాళ్లు వచ్చేదాకా పిల్లలను, కుక్కలను దగ్గరికి రానివ్వకండి. అప్పగించినట్టు ఒక కాగితం రాయించుకుంటే మీకు మంచిది.

ఒకే చోట నాలుగైదు పక్షులు చచ్చి కనిపిస్తే ముట్టుకోకండి. బర్డ్ ఫ్లూనో విషమో తేల్చాలంటే నమూనాలు కావాలి. పశువైద్యాధికారికీ, అటవీ శాఖకూ ఇద్దరికీ చెప్పండి. కంభం చెరువులోనో గుండ్లకమ్మ రిజర్వాయరులోనో ఇలా కనిపిస్తే నీటి మీద తేలుతున్నవి గట్టుకు లాగవద్దు, ఫొటోలు తీసి వివరం పంపితే చాలు.

వేట కంటపడితే ఫిర్యాదు ఎలా

ఎదురు వెళ్లకండి. చేతిలో తుపాకి ఉన్నవాళ్లతో రాత్రిపూట చెరువు కట్ట మీద వాదన వద్దు. దూరం నుంచి ఫోనులో లొకేషన్ పిన్ పెట్టుకోండి, బండి నంబరు, మనుషులెందరు, వల ఏ దిక్కున ఉంది, పక్షులు కనిపించాయా అన్నది రాసుకోండి. ఫొటో తీస్తే ఫ్లాష్ ఆపేయండి. తర్వాత రేంజ్ ఆఫీసుకు, లేదా 112కు ఫోను చేయండి. ఈ చట్టం కింద సోదా చేసే, వస్తువులు స్వాధీనం చేసుకునే అధికారం అటవీ అధికారులతోపాటు ఎస్ఐ, ఆపై స్థాయి పోలీసులకూ ఉంది. ఇది మా పని కాదు, ఫారెస్టు వాళ్లకు చెప్పుకోండి అని ఎవరైనా అంటే సెక్షన్ 50 గుర్తుచేయండి. వలలు మీరు పీకి తగలబెట్టవద్దు, సాక్ష్యం పోతుంది. వలలో బతికున్న పక్షి ఉంటే మాత్రం, వేటగాళ్లు వెళ్లిపోయారని నిర్ధారించుకుని, ఫొటో తీశాక విడిపించండి.

అదే రోజు రాతపూర్వక ఫిర్యాదు కూడా ఇవ్వండి. తేదీ, సమయం, చెరువు పేరు, గ్రామం, చూసింది చూసినట్టు రాయాలి. ఊహలు, పాత పగలు కలపకండి, కోర్టులో కేసు బలహీనపడేది వాటివల్లే. రసీదు తీసుకోండి. నేరం రుజువైతే పట్టించడంలో సాయపడినవాళ్లకు జరిమానాలో సగం వరకు బహుమతిగా ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. ఫిర్యాదు ఇచ్చినా కదలిక లేకపోతే, సెక్షన్ 55 కింద 60 రోజులకు తక్కువ కాకుండా నోటీసు ఇచ్చి మీరే నేరుగా కోర్టుకు వెళ్లొచ్చు. ఆ నోటీసులో జరిగిన నేరమూ, కోర్టులో ఫిర్యాదు చేయాలన్న మీ ఉద్దేశమూ రెండూ రాయాలి. రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపి (రిజిస్టర్డ్ పోస్టు 2025లో అందులో కలిసింది), అందినట్టు వచ్చే రుజువును మొదటి ఫిర్యాదు రసీదుతో కలిపి ఉంచుకోండి. 60 రోజుల లెక్కకు ఆ రుజువు మీద ఉన్న తేదీయే ఆధారం.